దుర్గాబాయి దేశముఖ్ గారి సేవామార్గము



హైదరాబాదులో తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయములోనికి బోవువారికి గోచరించునది 1939లో ప్రారంభింపబడిన కళాశాల శిలాభవనము. అది యేడవ నిజాము కాలమునాటి కట్టడము. అదే ప్రాంగణమున ఆంధ్ర మహిళాసభవారి స్త్రీల కళాశాలయు గలదు. ఈ సభకు మూలపురుషుడు ప్రభువు గాడు, ధనికుడు గాడు. చిన్ననాడే బడి మానిన యొక తెలుగు ఆడుబిడ్డ. ఆమెయే శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ గారు.

వీరు 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. 8వ యేటనే వివాహమయ్యెను. బడిలో ఆంగ్లభాష నిర్బంధమగుటకు నిరసనగా చదువు మానివేసి, హిందీ నేర్చుకొని, తోడి బాలికలకు నేర్పసాగిరి. యుక్తవయస్సు రాగానే తనకా వివాహము సమ్మతము గాదనియు, వేరొక కన్యను పెండ్లాడుమనియు భర్తతో స్పష్టముగా జెప్పిరి. తండ్రి ఆమెకు అడ్డుపడలేదు. ఆ దినములలో అట్టి తండ్రులు అరుదు.

1930లో చెన్నపురిలో ఉప్పు సత్యాగ్రహమునందు పాల్గొని వారు చెరసాలకేగిరి. అచ్చట చదువురాని స్త్రీలు పెక్కుమంది తమపై మోపబడిన నేరమేదో, తమకు గల హక్కేదో యెరుగక శిక్ష ననుభవించుచుండుటను గాంచిరి. న్యాయశాస్త్రము నభ్యసింపవలెనను సంకల్పము వారికి అందుండియే కలిగెను. విడుదలయైన పిదప, వయస్సు మీరినదని సంకోచింపక, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు గూర్చుండిరి. అటుపిమ్మట పట్టమును, న్యాయవాద పట్టమును బొందిరి.

తాము నడచిన త్రోవనే యితరులను నడిపించుటకై 1937లో చెన్నపురిలో ఆంధ్ర మహిళాసభ వెలసెను. బడి మానిన స్త్రీలకు కాశీ పరీక్షకు వలయు చదువు చెప్పుట అందలి తొలిపనులలో నొకటి. దానితోబాటు చేతిపనులను నేర్పుటయు సాగెను.

ఇచ్చట నొక సంగతి చెప్పవలసియున్నది. దుర్గాబాయిగారు విడిచిన భర్త వేరొకరిని పెండ్లాడి, కొంతకాలమునకు మరణించెను. ఆ యిల్లాలు దిక్కులేనిదై వీరిని వెదకికొని వచ్చెను. లోకరీతి జూచినచో వీరిరువురి నడుమ స్నేహమునకు తావేది? వీరో, ఆమెను సభలో జేర్చుకొని, చదువు చెప్పించి, పని నేర్పించి, తన సంపాదనతో తాను బ్రదుకునట్లు చేసిరి. ఒకపూట అన్నము పెట్టి, చీర యిచ్చి పంపినను లోకము మెచ్చుకొనెడిదే. కాని మరునాటి యాకలి మరల నామెను పరుల గుమ్మమునకే తెచ్చును గదా!

దుర్గాబాయిగారు రాజ్యాంగ పరిషత్తులో సభ్యులు. 1952 ఎన్నికలలో జయము కలుగకున్నను ప్రణాళికా సంఘమున సభ్యులైరి. స్వచ్ఛంద సేవాసంస్థల కొరకు మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా వీరే ప్రథమాధ్యక్షులు. ఆ యేటనే ఆర్థిక మంత్రియగు శ్రీ చింతామణి దేశముఖ్ గారిని వివాహమాడిరి. 1958లో ఆ మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ఆరంభించెను. చిన్ననాడు చదువు దక్కని స్త్రీలు కొలది యేండ్లలోనే పరీక్షకు సిద్ధపడి, ఉపాధ్యాయినులుగను, దాదులుగను, గ్రామసేవికలుగను కుదురుకొనుటకు ఇది మార్గమయ్యెను. మయిలాపురపు చిన్న తరగతిలో మొలకెత్తిన యాలోచనయే దేశమంతటికిని వ్యాపించెనన్నమాట.

1975లో పద్మవిభూషణ బిరుదమందిన వీరు 1981 మే 9వ తేదీన పరమపదించిరి.

పెద్దలారా! మన పల్లెలలో భర్త పోయినవారు, విడువబడినవారు, పెండ్లితో చదువాగినవారు నేటికిని గలరు. వారికి గింజలు కొలిచి యిచ్చుట మన పెద్దలు నేర్పిన ధర్మమే. దానిని మానుమని నేననను. ఐనను ఆ కొలతతోనే మన ఋణము తీరెనని తలపరాదు. ముప్పదియేండ్ల స్త్రీ పలక పట్టినచో నవ్వెడువారిని వారింపగలవారు మీరే. రచ్చబండపై మీ మాటకు విలువ గలదు. ఆమెను చదువుకొననిండని మీరొక్కమాట యనినచో, ఆ యింటివారు కాదనజాలరు.