గోదారి మెట్లకు ఎంత దూరం?

పరకాల దాటేసరికి పొద్దు వాలింది. కార్తీక మాసం, ఆదివారం సాయంత్రం. వెనక సీట్లో అమ్మ చెప్పులు విప్పి కాళ్లు మీదికి పెట్టుకుంది. జనగామలో కారెక్కినప్పటి నుంచి ఒకటే ప్రశ్న: "రూము జూసినవా బిడ్డా?"

చూశారు. మూడు చూశారు. ఏదీ ఖాయం చేయలేదు. ఒక రాత్రి పడుకోవడానికి ఇంత మల్లగుల్లాలా అని మీకే నవ్వొస్తోంది.

రేగొండ వెనక్కి పోయింది. చెల్పూరు దగ్గర చీకట్లో పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రమది. కాసేపటికి భూపాలపల్లి, సింగరేణి ఊరు. టీ కొట్టు ముందు షిఫ్టు దిగిన కార్మికులు, రోడ్డు పొడుగునా బొగ్గు లారీలు. డ్రైవర్ ఒక లాడ్జి ముందు కారు స్లో చేశాడు. మూడంతస్తుల మేడ, ఏసీ, టీవీ, కారు పెట్టుకోను జాగా. కింద బిర్యానీ సెంటర్ కూడా ఉంది. కార్తీకమని అమ్మ అటు కన్నెత్తి చూడలేదు.

"ఈడనే పండుకుందాం సార్. గాడ గింత మంచి రూములు దొరకయి."

అతని మాటలో తప్పేం లేదు. ఈ ప్రయాణంలో ఇంతకంటే మెత్తని పరుపు మీకు దొరకదు. కాని తెల్లారి గోదావరి స్నానానికి చేరాల్సిన కాళేశ్వరం ఇక్కణ్నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. నాలుగున్నరకల్లా అమ్మ నీళ్లలో ఉండాలంటే రెండింటికే లేచి, ఆ చలిలో అడవి రోడ్డు పట్టాలి. అప్పుడిక ఏసీ గదికి కట్టిన డబ్బు దేనికి? నాలుగు గంటల కునుక్కు.

"పోనియ్ అన్నా."

ఊరు దాటగానే అడవి. హెడ్‌లైట్ల వెలుగులో టేకు చెట్లు తెల్లగా వచ్చి వెనక్కి పోతున్నాయి. ఫోన్లో సిగ్నల్ పోయింది. మీ బామ్మర్ది బుడాపెస్ట్ ముచ్చట గుర్తొస్తుంది. అక్కడ డాన్యూబ్ ఒడ్డున, చైన్ బ్రిడ్జికి ఎదురుగా గ్రెషమ్ ప్యాలెస్ అని ఒకటుంది. లండన్ బీమా కంపెనీ ఒకటి 1906లో కట్టించుకున్న భవనం. 2004 నుంచి ఫోర్ సీజన్స్ వాళ్ల హోటల్. నది వైపు గదికి ఒక రేటు, వెనక వైపు గదికి ఒక రేటు. తేడా అంతా కిటికీలోనే. బామ్మర్ది ఇంకో వీధిలో చవక గది తీసుకుని, రోజూ సాయంత్రం వంతెన మీద నిలబడి అదే నదిని ఉత్తగనే చూసొచ్చాడట. అతను ఘటికుడు.

కాళేశ్వరంలో ఆ తెలివి పని చేయదు. అక్కడ నదిని చూసి వస్తే చాలదు, దిగి మునగాలి. తడి బట్టలతో వెనక్కి రావాలి. అరవై దాటిన మోకాళ్లు ఆ చలిలో ఎంత దూరం నడుస్తాయన్నదే గదికి కొలత. హోటల్ స్టార్ల లెక్క ఆ తర్వాత.

కాటారంలో సిగ్నల్ వచ్చింది. పర్యాటక సంస్థ వాళ్ల హరిత హోటల్లో ఈ రాత్రికి గదుల్లేవన్నారు. కార్తీక సోమవారం ముందు రాత్రి ఉంటేనే ఆశ్చర్యం. ఇక మిగిలింది గుడి వీధిలోని మూడో నంబరు.

"కమోడా, ఇండియనా?"

"రెండూ ఉన్నయి సార్."

"కిందనేనా?"

"కిందనే ఇస్త. మాకు లిఫ్టు లేదు గద."

"గీజరు?"

అవతల కాసేపు మాట లేదు. "గోదార్ల తానానికొచ్చి గీజరెందుకు సార్? బకెట్ వేడినీళ్లు కావాల్నంటే ఇస్తం."

"ఘాటుకు ఎంత దూరం?"

"పెద్దమ్మ ఎంత మెల్లగ నడిచినా పది నిమిషాలు."

మహదేవపూర్ రాకముందే డబ్బు పంపేశారు.

గదిలో రెండు ఇనుప మంచాలు. కిటికీ తీస్తే పక్కింటి గోడ. దోమలు. మైకులో శివనామం. అమ్మ మంచం మీద కూర్చుని పరుపు నొక్కి చూసి, ఏమీ అనకుండా తన దుప్పటి పరుచుకుంది.

నాలుగు దాటింది. వీధి నిండా మనుషులు, భుజాల మీద తువ్వాళ్లు, చేతుల్లో అరటిదొప్పలు. అమ్మ మీ మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది. ఒక్కసారే ఆగింది, అదీ వత్తులు కొనడానికి. మెట్ల మీద అడుగు పెట్టగానే అరికాళ్లలోంచి చలి పైకి పాకింది. అవతలి ఒడ్డున దీపాలు మహారాష్ట్రలోని సిరోంచవి. ఉత్తరం నుంచి ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే. కంటికి కనిపించని సరస్వతి కూడా ఉందంటారు. ఆ సరస్వతికే 2025 మే 15 నుంచి 26 వరకు పుష్కరాలు జరిగాయి. అప్పుడు ఒడ్డున గుడారాలతో టెంట్ సిటీయే వేశారు. మే నెల ఎండలో గుడారమా అని ముక్కు విరిచిన వాళ్లున్నారు. నన్నడిగితే, భూపాలపల్లి ఏసీ గది కన్నా ఆ గుడారమే మేలు.

అమ్మ మూడు మునకలు వేసి, దొప్పను నీళ్ల మీద వదిలి, వణుకుతూ మెట్లెక్కింది. గదికి వచ్చి బట్టలు మార్చుకుంది. ఆ బకెట్ వేడినీళ్లు వద్దే వద్దంది. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముందు కాళేశ్వరుడికి, అంటే యముడికి పూజ, తర్వాతే ముక్తేశ్వరుడికి. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటాయి. వాటిలో పోసిన నీళ్లు సంగమంలో కలుస్తాయని నమ్మకం. వరుసలో నిలబడిన ముసలాయన మీ చేతిలోని చెంబు చూసి "మెల్లగ పొయ్యి కొడకా" అన్నాడు.

బయటికొచ్చి ఉప్మా తింటుంటే మానుకోట నుంచి చిన్నమ్మ ఫోను. రూము మంచిగున్నదా అని అడుగుతోంది. మీరు నోరు తెరిచేలోపు అమ్మ ఫోను లాక్కుంది.

"మంచం గట్టిది. దోమలున్నయ్. దుప్పటి ఇంట్ల నుంచే తెచ్చుకో. గోదారి మాత్రం దగ్గర్నే. వచ్చే సోమారానికైతే ఇయ్యాలనే జెప్పు, నంబరు పంపుమంట."