ముజఫర్ ఖాన్ (కర్నూలు)

ముజఫర్ ఖాన్ కర్నూలును పాలించిన పఠాను నవాబుల వంశమునకు చెందినవాడు, నవాబు అలఫ్ ఖాన్ కుమారుడు. సింహాసనము రెండుసార్లు ఇతని చేతికి అందినట్లే అంది జారిపోయినది. నవాబుల జాబితాలలో 1815, 1823 సంవత్సరముల వద్ద ఇతని పేరు కనిపించినా, స్థిరముగా పాలించినది లేదు.

నేపథ్యము

తుంగభద్ర, హంద్రీ నదుల సంగమము వద్దనున్న కర్నూలు (పూర్వనామము కందనవోలు) నవాబులు మొదట హైదరాబాదు నిజామునకు లోబడియుండిరి. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేయగా, కర్నూలు నవాబు ఏటా చెల్లించు లక్ష రూపాయల పేష్కషు కూడ కంపెనీకి సంక్రమించినది. నాటి నుండి నవాబు ఎవరన్నది కర్నూలు కోటలో మాత్రమే తేలు విషయము కాదు.

1815 వివాదము

1815లో అలఫ్ ఖాన్ మరణించగానే ముజఫర్ ఖాన్ కోటను స్వాధీనము చేసుకొనెను. జ్యేష్ఠుడైన మునవ్వర్ ఖాన్ కంపెనీని ఆశ్రయించెను. కల్నల్ మారియట్ నాయకత్వమున బళ్ళారి నుండి వచ్చిన సేన కోటను లొంగదీసి మునవ్వర్‌ను గద్దెపై కూర్చుండబెట్టినది.

హత్య, ఖైదు

1823లో మునవ్వర్ ఖాన్ మరణించెను. ఈసారి వారసత్వము ముజఫర్ ఖాన్‌దే. అయితే అతడు బళ్ళారి సమీపమున తన భార్యను హత్య చేసెను. బళ్ళారి 1800 నుండి కంపెనీ పాలనలోని ప్రాంతము, కర్నూలు నవాబు మాట అక్కడ చెల్లదు. ముజఫర్‌ను బళ్ళారి కోటలో బంధించి, సోదరుడు గులాం రసూల్ ఖాన్‌ను నవాబుగా చేసిరి. అప్పటి మద్రాసు గవర్నరు, దత్తమండలముల పూర్వపు ప్రధాన కలెక్టరు సర్ థామస్ మన్రో. సాధారణముగా వారసత్వ మార్పుగా చెప్పబడు ఈ ఘటన నిజానికి ఒక స్త్రీ హత్య.

తరువాత

గద్దె దక్కిన సోదరునికీ అది మేలు చేయలేదు. కోటలో పెద్దయెత్తున ఆయుధములు బయటపడగా, 1839లో జొహరాపురము వద్ద పోరు జరిగి గులాం రసూల్ ఖాన్ పట్టుబడెను. తిరుచిరాపల్లికి పంపబడి, 1840లో అక్కడ హత్యకు గురయ్యెను. రాజ్యము కంపెనీ వశమై, 1858లో కర్నూలు జిల్లాగా ఏర్పడినది. అప్పటికిని ముజఫర్ ఖాన్ బళ్ళారి కోటలో ఖైదీగానే ఉండెను.