లెన్సుకీ బాడీకీ మధ్య ఓ ఉంగరం

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఫొటోల పిచ్చి పట్టినవాళ్ళ కథ ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. ముందు కిట్ లెన్సుతో ఓ కెమెరా. ఆర్నెల్లు తిరిగేసరికి చవకలో దొరికే 50 మి.మీ. లెన్సు. ఇంకో ఏడాదికి ఓ జూమ్. ఆ తర్వాత "బాడీ మార్చేస్తేనో?" అనే పురుగు తొలవడం మొదలవుతుంది. ఇక అమెరికా నుంచి వచ్చే ఫ్రెండు ఎవరా అని వెతుకులాట, మెగాపిక్సెళ్ళ మీద క్యాంటీన్లో వాదనలు. ఇంత హడావిడిలో ఎవరూ పట్టించుకోని వస్తువు ఒకటుంది. లెన్సుకీ బాడీకీ మధ్య ఉండే ఇనప ఉంగరం. దాన్నే మౌంటు అంటారు. మీ అప్‌గ్రేడుకి పదివేలవుతుందా, లక్ష అవుతుందా అన్నది చాలావరకు తేల్చేది అదే. దాని చరిత్ర తెలిస్తే జేబుకి మంచిది.

మౌంటు అంటే మన భాషలో ఒక ఇంటర్‌ఫేస్. అందులో ముఖ్యమైన అంకె ఒకటుంది: లెన్సు కూర్చునే చోటు నుంచి ఫిల్ము (లేదా సెన్సరు) దాకా ఉండే దూరం. ఇది బాడీని బట్టి ఖాయంగా ఉంటుంది. లెన్సు ఆ దూరానికి లెక్కగట్టి తయారవుతుంది. లెన్సు ఉండాల్సిన దానికంటే దూరమైతే దగ్గరి వస్తువులు ఫోకస్ అవుతాయి గానీ దూరంగా ఉన్న కొండలు, చంద్రుడు అవ్వవు. అంటే ఎక్కువ దూరానికి చేసిన లెన్సుని తక్కువ దూరం ఉన్న బాడీకి మధ్యలో ఓ ఖాళీ గొట్టం పెట్టి వాడుకోవచ్చు. తిరగేస్తే కుదరదు. ఈ ఒక్క కూడికా తీసివేతా గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదట్లో అంతా మరచుట్టే. 1949లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో వచ్చిన కాంటాక్స్ ఎస్ కెమెరాకి 42 మి.మీ. వ్యాసం ఉన్న మరచుట్టు పెట్టారు. సీసా మూత బిగించినట్టు లెన్సుని తిప్పి బిగించడమే. ఎం42 అని పేరుపడ్డ దీన్ని ప్రాక్టికా, పెంటాక్స్, రష్యా జెనిట్ ఇలా ఎన్నో కంపెనీలు వాడాయి. ఒకరి లెన్సు ఇంకొకరి బాడీకి పట్టేది. ఓపెన్ స్టాండర్డ్ అన్నమాట. కానీ లెన్సు ఎంత తెరిచి ఉందో బాడీలోని మీటరుకి చెప్పాల్సిన అవసరం వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. మరచుట్టు ప్రతిసారీ కచ్చితంగా ఒకే చోట ఆగదు, అలాంటప్పుడు లివర్లు ఎలా కలుస్తాయి? దాంతో ఎవరికి వాళ్ళు సొంత మీటలు, సొంత పిన్నులు తగిలించుకున్నారు. స్టాండర్డ్ ఒకటే, ఎక్స్‌టెన్షన్లు మాత్రం ఎవరివి వాళ్ళవి. బ్రౌజర్ల యుద్ధం చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

1975లో పెంటాక్స్ మరచుట్టు వదిలేసి, కాస్త తిప్పితే టక్కున పడే కె మౌంటు తెచ్చింది. ఇక్కడ వాళ్ళు చేసిన తెలివైన పని ఏంటంటే, దూరాన్ని మార్చలేదు. ఎం42కి 45.46 మి.మీ., కె మౌంటుకీ 45.46 మి.మీ. మౌంటు లోపల ఇమిడిపోయే సన్నటి రింగు ఒకటి పెడితే పాత లెన్సులన్నీ కొత్త బాడీ మీద, దూరపు కొండలతో సహా, ఫోకస్ అయ్యాయి. 2006లో వచ్చిన కె100డి డిజిటల్ బాడీలో చెయ్యి వణుకుని సరిచేసే ఏర్పాటు సెన్సరు దగ్గరే ఉంది కాబట్టి, ముప్ఫై ఏళ్ళ నాటి లెన్సు కూడా ఆ లాభం పొందింది. లెన్సు ఎన్ని మి.మీ.దో మనం మెనూలో చెప్తే చాలు.

నికాన్ దారి ఇంకోటి. 1959లో నికాన్ ఎఫ్ కెమెరాతో వచ్చిన ఎఫ్ మౌంటు ఆకారాన్ని దశాబ్దాల పాటు అలాగే ఉంచారు. దూరం 46.5 మి.మీ. "పాత కస్టమర్ని వదలం" అన్న మాట మీద నిలబడ్డారు. కానీ ఆకారం మారకపోయినా లోపల సంగతులు మారుతూనే వచ్చాయి. 1977లో ఏఐ పద్ధతి వచ్చింది. అంతకు ముందరి లెన్సుల్ని అలాగే బిగిస్తే చాలా కొత్త బాడీల మీద చిన్న మీట విరిగే ప్రమాదం. 1986లో ఎఫ్-501తో ఆటోఫోకస్ వచ్చింది, మోటరు బాడీలో. అది లెన్సుని స్క్రూడ్రైవర్‌లా తిప్పుతుంది. తర్వాత మోటరు లెన్సులోకి మారింది. 2006లో ధర తగ్గించి అమ్మిన డి40లో బాడీ మోటరు తీసేశారు. ఫలితం: చవక బాడీ కొని, దానికి చవకగా దొరికే పాత ఆటోఫోకస్ లెన్సు పెట్టుకుందామనుకున్నవాళ్ళు చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సి వచ్చింది. విచిత్రం ఏంటంటే, విరగడానికి ఆ మీటే లేదు గనక 1977కి ముందరి లెన్సులు మాత్రం డి40 మీద నిక్షేపంగా కూర్చుంటాయి. (మీటరు పనిచెయ్యదు, అది వేరే సంగతి.) బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఇదీ. ఉందంటే ఉంది, కానీ టేబుల్ చూసుకోకుండా అడుగెయ్యలేం :)

ఇక కెనాన్. 1959 నుంచీ వాళ్ళ ఎస్సెల్లార్ లెన్సుల దూరం 42 మి.మీ. 1971లో వచ్చిన ఎఫ్‌డి లెన్సులు, 1976 నాటి ఏఈ-1 కెమెరా పుణ్యమా అని లక్షల మంది చేతుల్లోకి వెళ్ళాయి. 1987 మార్చిలో కంపెనీకి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో ఈఓఎస్ 650 విడుదల చేశారు. కొత్త ఈఎఫ్ మౌంటు: 54 మి.మీ. వెడల్పు, 44 మి.మీ. దూరం, మీటలూ లివర్లూ సున్నా. బాడీకీ లెన్సుకీ మధ్య మాటలన్నీ కరెంటు ద్వారానే. ఇంజనీరుగా చూస్తే ముచ్చటేస్తుంది. కానీ 42 కంటే 44 ఎక్కువ. పైన చెప్పుకున్న తీసివేత గుర్తుందిగా? ఎఫ్‌డి లెన్సుని కొత్త బాడీకి ఖాళీ గొట్టంతో తగిలించే దారి మూసుకుపోయింది. పెద్ద టెలిఫొటో లెన్సుల మీద బోలెడు డబ్బు పోసిన ప్రొఫెషనళ్ళ కోసం లోపల గాజు ఉన్న ఒక కన్వర్టరు కొద్ది సంఖ్యలో చేశారు. మామూలు హాబీ వాళ్ళకి మాత్రం రాత్రికి రాత్రే బీరువాలోని లెన్సులన్నీ లెగసీ అయిపోయాయి. కడుపు మండదా మరి!

ఇక్కడిదాకా చదివితే నికాన్ ధర్మరాజు, కెనాన్ దుర్యోధనుడు అనిపిస్తుంది. కానీ కథ అక్కడ ఆగలేదు.

2008లో పానసోనిక్ జి1తో అద్దం లేని కెమెరాలు మొదలయ్యాయి. అద్దం ఊగడానికి చోటు అక్కర్లేదు కాబట్టి దూరం ఒక్కసారిగా తగ్గిపోయింది. 2010లో వచ్చిన సోనీ ఈ మౌంటు దూరం 18 మి.మీ. మాత్రమే. ఎఫ్‌డి 42లోంచి 18 తీసేస్తే 24 మి.మీ. అంత పొడవు ఖాళీ గొట్టం ఒకటి చాలు, లోపల గాజు కూడా అక్కర్లేదు. 1987లో అనాథలైన లెన్సులు ఇరవై ఏళ్ళ తర్వాత లేచి కూర్చున్నాయి. జెనిట్‌తో వచ్చిన 58 మి.మీ. హీలియోస్ లాంటి రష్యన్ లెన్సులు కూడా వెనక నేపథ్యం సుడి తిరిగినట్టు కనిపించే ఆ వింత కోసమే మళ్ళీ గిరాకీలోకి వచ్చాయి. ఏ బాడీకీ పట్టవని జనం వదిలించుకున్న గాజే బడ్జెట్ వాడికి వరమైంది.

2018లో నికాన్, కెనాన్ రెండూ అద్దం లేని ఫుల్ ఫ్రేమ్‌లోకి దిగాయి. నికాన్ జెడ్ దూరం 16 మి.మీ., కెనాన్ ఆర్ఎఫ్ దూరం 20 మి.మీ. పాత లెన్సుల కోసం రెండు కంపెనీలూ అడాప్టర్లు ఇచ్చాయి. కెనాన్‌ది సులువు. 1987లోనే అంతా కరెంటు మాటలు కాబట్టి మధ్యలో తీగలు కలిపితే చాలు, పాత ఈఎఫ్ లెన్సు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. నికాన్ ఎఫ్‌టిజెడ్ అడాప్టరులో మాత్రం మోటరు లేదు. మోటరు తమలోనే ఉన్న లెన్సులకి ఇబ్బంది లేదు గానీ, బాడీ మోటరు మీద ఆధారపడిన 1986 నాటి తరహా లెన్సులు దాని మీద చేతి ఫోకస్సే. మాట తప్పినవాడి కస్టమర్లు ముప్ఫై ఏళ్ళ తర్వాత సుఖంగా మారారు. మాట నిలబెట్టుకున్నవాడి కస్టమర్లలో కొందరు ఆ భారం మోశారు. పాత కోడ్‌ని ఎప్పుడు తిరగరాయాలి, ఎప్పుడు లాక్కురావాలి అని రోజూ కొట్టుకునే మనకి ఇందులో ఉన్న నీతి వేరే చెప్పాలా? కాకపోతే ఒక మాట. ఆ తిరగరాతకి మూల్యం కట్టింది 1987లో ఎఫ్‌డి కొన్నవాడు, లాభపడింది తర్వాత తరం వాడు. డిజైన్ గొప్పదైనంత మాత్రాన మొదటివాడి డబ్బు తిరిగి రాలేదు.

ఇంతకీ తక్కువ డబ్బుతో అప్‌గ్రేడ్ అవ్వాలనుకునేవాళ్ళు దీన్నుంచి ఏం తీసుకోవాలి? బాడీ అంటే కంప్యూటరు, నాలుగైదేళ్ళలో పాతబడుతుంది. గాజు అంత త్వరగా పాతబడదు. అందుకని కొనబోయే బాడీ గురించి మెగాపిక్సెళ్ళు అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి. దూరం ఎంత? ఫోకస్ మోటరు ఎక్కడుంది? అపర్చరుని నడిపేది మీటా, కరెంటా? ఈ మూడూ తెలిస్తే ఏ పాత లెన్సు పడుతుందో, ఏది పడినా సగమే పనిచేస్తుందో డబ్బు కట్టకముందే తేలిపోతుంది. బాడీ మార్చాలా లెన్సు మార్చాలా అన్న మీమాంసలో ఉంటే, మీ మౌంటులోనే సెకండ్‌హ్యాండులో వెడల్పాటి అపర్చరు ఉన్న ఒక మంచి లెన్సు కొనడం చాలాసార్లు తక్కువలో తేలే పని.

పాత లెన్సు కొనేటప్పుడు రెండు వైపుల నుంచీ టార్చి వేసి చూడటం మాత్రం మర్చిపోకండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో బీరువాలో ఏళ్ళ తరబడి మూలిగిన లెన్సుల్లో సాలెగూడులా బూజు అల్లుకుని ఉంటుంది. మౌంటు సమస్యకి అడాప్టరు దొరుకుతుంది గానీ, గాజు మీద పూత తినేసిన బూజుకి ఏ అడాప్టరూ లేదు.