తమంచా మీది రాత

కొందరికి గడియారాల షౌఖ్, కొందరికి పాత సిక్కాల షౌఖ్. యూరప్‌లో, అమెరికాలో చాలామందికి ఇంకో షౌఖ్ ఉంది: జేబులో పట్టే పాత పిస్తోళ్లు జమ చేయడం. మన బోల్‌చాల్‌లో దాన్నే తమంచా అంటాం. వాళ్లు వాటిని పేల్చడం కన్నా చేతిలోకి తీసుకుని చదవడంలోనే ఎక్కువ మజా పొందుతారు. ఆయుధాన్ని చదవడమేమిటి అనుకుంటారేమో! మన వాయల్పాడు పక్కనున్న గుర్రంకొండ తారీఖ్ కూడా ఈ చదువుతోనే ముడిపడి ఉంది.

ముందు ఆ తమంచాల సంగతి. 18వ శతాబ్దంలో ఇంగ్లండు కారీగర్లు చేసిన ఒక రకం చిన్న పిస్తోళ్లకు 'క్వీన్ ఆన్' అని పేరు. వాటి గొట్టాన్ని మర తిప్పి విప్పి, మందూ గుండూ పెట్టి, మళ్లీ బిగిస్తారు. కొన్నిటికి ట్రిగ్గర్ లోపలికి మడిచి ఉంటుంది. ఘోడా వెనక్కి లాగితేనే బయటికొస్తుంది, కాబట్టి జేబు గుడ్డకు తగులుకోదు. తర్వాతి జమానాలో, 1906 మోడల్‌గా, బెల్జియంలోని ఎఫ్ఎన్ కార్ఖానా నుంచి జాన్ బ్రౌనింగ్ గీసిన 6.35 మిల్లీమీటర్ల పిస్తోల్ వచ్చింది. అది అరచేతిలో ఇమిడిపోతుంది.

షౌఖీన్ అయినవాడు అలాంటిది చేతికి రాగానే తిరగేసి మొహర్ కోసం వెతుకుతాడు. గొట్టం మందు దెబ్బకు పగలదని ఇమ్తెహాన్ చేసి కొట్టిన ముద్ర అది. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి దానికోసం ఒక సంస్థే ఉంది, బెల్జియంలో లీజ్ నగరానికి వేరే ముద్ర ఉంది. ముద్ర చదవగలిగితే ఏ ఊరిది, ఏ జమానాది అన్నది తెలుస్తుంది. చదవలేనివాడికి అది ఉత్త ఇనుప ముక్క.

ఇప్పుడు మన ఇలాఖాకు వద్దాం. గుర్రంకొండను హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ ఏలాడు. 1791లో నిజాం ఫౌజ్ కంపెనీ ఫిరంగుల మదద్‌తో అక్కడి కింది కోటను పట్టుకుంది. ఆ రోజుల్లో శ్రీరంగపట్నంలో టిపూ సుల్తాన్ కార్ఖానాలు జోరుగా నడుస్తున్నాయి. అక్కడి ఉస్తాదులు యూరప్ చెకుముకి తాళాన్ని నేర్చుకుని, తమ తర్హాలో తుపాకులు, పిస్తోళ్లు చేశారు. కొన్ని పిస్తోళ్లను జోడీగా చేశారు. ఒకదానికి తాళం కుడివైపు, రెండోదానికి ఎడమవైపు ఉంటుంది, అద్దంలో చూసినట్టు. నఖల్ చేసేవాడికి ఆ ఆలోచన రాదు, హునర్ ఉన్నవాడికే వస్తుంది.

ఆ ఆయుధాల మీద పులి చారల నఖ్ష్ ఉంటుంది, హైదర్ పేరు ఉంటుంది. 'అసదుల్లాహిల్ గాలిబ్' అనే మాటను పులి ముఖంలా అల్లిన ఖత్ కూడా కనిపిస్తుంది. అసదుల్లా అంటే అల్లాహ్ సింహం, హజ్రత్ అలీ లఖబ్. సంవత్సరం వేసింది టిపూ పెట్టిన మౌలూదీ లెక్కలో. పైగా అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి. 2221 అని కనిపిస్తే అది 1222, అంటే మన లెక్కలో 1794 ప్రాంతం. ఇది తెలియనివాడు తారీఖే తప్పు చదువుతాడు.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. సుల్తాన్ షహీద్ అయ్యాడు, ఖజానా, ఆయుధాలు లూటీ అయ్యాయి. మరుసటి ఏడాదే నిజాం మన దత్త మండలాలను కంపెనీకి అప్పగించాడు. ఆ ఆయుధాల్లో చాలా భాగం విలాయత్ చేరింది. రాబిన్ విగింగ్టన్ అనే ఆంగ్లేయుడు వాటిని ఏళ్లకేళ్లు జమ చేసి, 1992లో వాటి మీద పెద్ద కితాబ్ రాశాడు. ఆయన జమ చేసిన వాటిలో 30 వస్తువులు 2015 ఏప్రిల్ 21న లండన్‌లో నీలామ్ అయి, సుమారు 60 లక్షల పౌండ్లు పలికాయి.

బాధ పడాల్సిందే. కానీ అక్కడి ఆ షౌఖీన్ మన రాత మీద అంత మెహనత్ చేశాడని కూడా ఒప్పుకోవాలి.

మరి మనమేం చేయాలి? ఆయుధం కొని షాన్ చూపించమని ఎవరూ అనుకోవద్దు. పనిచేసే పిస్తోల్ లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం జుర్మ్. చూడాలంటే హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియం ఉంది, ఆయుధాల గ్యాలరీకి బచ్చాలను తీసుకెళ్లండి. మన దగ్గరే గుర్రంకొండలో రంగీన్ మహల్, మఖ్బరా ఉన్నాయి.

అసలు కొరత వేరే ఉంది. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామంది, అలిఫ్ బే చూసి కూడబలుక్కుని చదివేవాళ్లు కొద్దిమంది. నీలామ్‌లో లక్షల పౌండ్లు పెట్టే తాఖత్ మనకు లేదు. హైదర్ అనే నాలుగు అక్షరాలు చదివే తాఖత్ మాత్రం ఒక్క సెలవుల్లో మన బచ్చాలకు నేర్పొచ్చు. రాత చదవలేని ఇంటికి విరాసత్ తిరిగొచ్చినా, అది ఎవరిదో గుర్తుపట్టేవాళ్లు ఉండరు.