కరవుసీమలో పసిబిడ్డల ఆహారము

పెనుకొండనుండి అనంతపురమునకు పోవు రాజమార్గముమీద చెన్నేకొత్తపల్లి యను గ్రామము కలదు. దానికి చేరువనున్న కొండల నడుమ 1990లో కొందరు కార్యకర్తలు 32 ఎకరముల బీడుభూమి కొని, చెట్లు పెంచి, ఆ చోటికి ‘టింబక్టు’ అని పేరు పెట్టిరి. అసలు టింబక్టు పశ్చిమాఫ్రికాలో, మాలీ దేశమున, సహారా యెడారి అంచుననున్న ప్రాచీన నగరము. మాలీ యెక్కడ, చెన్నేకొత్తపల్లి యెక్కడ అని మీకు తోచవచ్చును. కాని పల్లెబిడ్డల తిండి చరిత్రను తరచి చూచినవారికి ఆ పేరు అంత వింతగా తోచదు. వాన చాలని నేల, చిరుధాన్యములపై ఆధారపడిన బ్రతుకు, ఆ ధాన్యములను చేలనుండి వెడలగొట్టిన వేరుసెనగ: ఈ మూడును రెండు సీమలకును సమానములే.

చెన్నేకొత్తపల్లి 2022 ఏప్రిలునుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, అంతకుముందు అది అనంతపురము జిల్లాలోనిది. ఆ జిల్లాలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి నీరసించును. కావున చిత్రావతిమీది బుక్కపట్నము, ధర్మవరము చెరువుల వంటి వాటి క్రిందనే వరి పండెడిది. తక్కిన యెర్రనేలలలో కొర్ర, జొన్న, సజ్జ, రాగి, వాటి నడుమ సాళ్ళలో కంది, అనుము, అలసంద, ఆముదము వేసెడివారు. ఒక పైరు ఎండినను మరియొకటి దక్కును. వరి యన్నము పండుగనాటి వంట. తక్కిన దినములలో సంగటి, అంబలి, కొర్రన్నము, జొన్నరొట్టె.

ఈ ముతక తిండిని తక్కువచూపు చూచుట మనలో పాత అలవాటు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ప్రచురించిన పట్టికలు వేరొక మాట చెప్పుచున్నవి. నూరు గ్రాముల రాగులలో కాల్షియము 344 మిల్లీగ్రాములుండగా, మరపట్టిన వరి బియ్యములో పది మాత్రమే కలదు. కొర్రలలో మాంసకృత్తులు పన్నెండు గ్రాములకు పైగా నుండగా, వరి బియ్యమున ఏడింటికి లోపు. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి విసరిన పిండితో జావ కాచినచో అది పలుచగా నుండును. పలుచనైనందున అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టును. చిన్న కడుపుగల బిడ్డకు ఈ లాభము చాల పెద్దది. మొలకలోని జీవరసములు పిండిపదార్థమును కరగించుటయే దీనికి కారణమని శాస్త్రజ్ఞులు తరువాత తెలిపిరి.

అట్లని పూర్వకాలము స్వర్ణయుగమని నేననను. రాగులు పురుగు పట్టక ఏండ్ల తరబడి నిలువయుండును. జొన్నలను పాతరలలో పోసి మూసెడివారు. అయినను వరుసగా రెండేండ్లు వాన లేకపోయినచో పాతర యడుగు కనబడక తప్పదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన కరవు ధాత నామ సంవత్సరమున ఆరంభమైనందున జనులు దానిని దాతు కరవనిరి. అప్పటికి అనంతపురము ప్రత్యేక జిల్లా కాదు. 1882లోగాని బళ్ళారినుండి విడిపోలేదు. 1871 జనాభా లెక్కతో 1881 లెక్కను పోల్చినచో, ఆ ఉమ్మడి బళ్ళారి జిల్లాలో జనసంఖ్య సుమారు ఐదవ వంతు తగ్గినట్లు కనబడును. రైలుదారులు అప్పటికే వచ్చియున్నవి. కాని రైలు ధాన్యమును ధర యున్న చోటికి మోయునేగాని ఆకలి యున్న చోటికి తనంతట తాను మోయదు.

ఆ కరవులోనే తిండి యెంత యుండవలెనను విషయమై గొప్ప వివాదము చెలరేగెను. 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపులు కరవు పనులలోని మగకూలికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, పైన కొద్ది చిల్లరను లెక్కకట్టి కూలి తగ్గించెను. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు దీనిని తీవ్రముగా ఎదిరించెను. రాళ్ళు మోయువానికి ఆ తిండి చాలదని, శరీరము తన్ను తానే తిని కృశించునని ఆయన వాదించెను. మే నెలలో కూలి మరల పెంచవలసి వచ్చెను. కూలివానికే చాలని కూలిలో అతని బిడ్డ వాటా యెంత యుండునో మీరే ఊహింపవచ్చును. 1880 నాటి కరవు సంఘము నివేదిక, 1883 నాటి కరవు నిబంధనలు ఈ అనుభవమునుండి పుట్టినవే. 1952లో రాయలసీమ మరల కరవు పాలైనప్పుడు గంజి కేంద్రములు తెరచిరి. గంజి ప్రాణము నిలుపును; కాని మామూలు ఏండ్లలో మెల్లగా కృశించు బిడ్డను గంజి కేంద్రము చూడజాలదు.

ఆ మెల్లని కృశింపునకు వైద్యశాస్త్రమున పేరు వచ్చినది పశ్చిమాఫ్రికానుండియే. నేటి ఘానా దేశమును నాడు గోల్డుకోస్టు అనెడివారు. అచ్చట పనిచేయుచుండిన డాక్టరు సిసిలీ విలియమ్సు, కాళ్ళు ఉబ్బి, చర్మము పొరలు లేచి, వెండ్రుకలు రంగు మారిన బిడ్డలను గురించి 1933లో ఒక వ్యాసము వ్రాసెను. వారు ఎక్కువగా మొక్కజొన్న గంజితో పెరిగినవారు. 1935లో ఆమె ఆ జబ్బునకు అక్కడి ‘గా’ భాషలోని మాటనే వాడి ‘క్వాషియార్కరు’ అనెను. మరియొక బిడ్డ రాగా తల్లిపాలు తప్పిన పెద్దబిడ్డకు వచ్చు జబ్బని ఆ మాట కర్థము. వైద్యులకంటె ముందు అక్కడి తల్లులు కారణమును కనిపెట్టిరన్న మాట.

మన దేశమున పోషకాహార పరిశోధన 1918లో కూనూరున మెకారిసన్ దొర చేత ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ యని పేరు మారెను. అక్కడ డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు చూపిన విషయమొకటి నాకు చాల ముఖ్యముగా కనబడుచున్నది. ఆ రోజులలో ప్రపంచమంతటను మాంసకృత్తుల కొరతయే జబ్బునకు మూలమని, ప్రత్యేకమైన పొడులు తయారు చేయవలెనని ప్రచారము సాగుచుండెను. పేదబిడ్డలు తినునట్టి తిండినే కడుపునిండ పెట్టినచో మాంసకృత్తుల లోటు చాలవరకు తీరునని వీరనిరి. అనగా లోపము తిండి రకమునందుకంటె దాని పరిమాణమునందే యెక్కువ.

పరిమాణము దేనిమీద ఆధారపడును? చేనిమీద. ఇక్కడ వేరుసెనగ ప్రవేశించుచున్నది. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ కాయ పోర్చుగీసు నావలలో ఆఫ్రికా చేరెను. 1840 ప్రాంతమునుండి సెనెగలు రైతులు దానిని ఫ్రాన్సులోని మార్సేలు నూనెమరలకు, సబ్బు కర్మాగారములకు పంపజొచ్చిరి. చిరుధాన్యపు చేలు తగ్గి, బదులుగా ఇండోచైనానుండి నూకలు దిగుమతియయ్యెను. పుదుచ్చేరి రేవునుండి మన తమిళ సీమ కాయయు ఆ మార్సేలుకే పోయెను. ఇరువదవ శతాబ్దమున ఈ పైరు అనంతపురపు ఎర్రనేలలకు వ్యాపించెను. 1986లో ఆరంభమైన నూనెగింజల పథకము దానికి మరింత ఊతమిచ్చెను. శతాబ్దము ముగియునాటికి మెట్టభూమిలో అధికభాగము దానిదే.

రైతు తెలివితక్కువవాడై ఇట్లు చేయలేదు. కాయకు ధర యుండెను. తీగ పశువులకు మేతయయ్యెను. కాని ఎకరమునకు కొర్ర విత్తనము రెండు మూడు కిలోలు చాలును, వేరుసెనగ గింజలు 50 కిలోలకు తక్కువ కావు. కొర్ర విత్తనము ఇంటి అటకమీదనే యుండును. వేరుసెనగకు తరచుగా విత్తనమే అప్పు. వాన తప్పినచో పూర్వము పాతర తరిగెడిది, ఇప్పుడు అప్పు పెరుగుచున్నది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చెను. దానిని నేను తప్పుపట్టను. ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగించినది ఆ బియ్యమే. అయినను పండుగనాటి వంట నిత్యపు వంటయై, కొర్రలు, రాగులు మరుగున పడుట కది తోడయ్యెను. మరియొక కారణమును పురుషులు సాధారణముగా చెప్పరు. రాగులకు పొట్టు దంచు పని లేదు గాని, కొర్రలను రోట దంచి, చెరిగి, మరల దంచవలెను. ఆ పని ఆడవారిది. రెండు రూపాయల బియ్యము వారి చేతుల బొబ్బలకు కూడ విశ్రాంతినిచ్చెను.

విడ్డూరమేమనగా, ధాన్యమును తరిమిన వేరుసెనగయే మందుగా తిరిగి వచ్చెను. జాతీయ పోషకాహార సంస్థవారి ‘హైదరాబాదు మిశ్రమము’లో గోధుమ, సెనగపప్పు, బెల్లములతో పాటు వేరుసెనగ కలదు. 1996లో ఫ్రాన్సున వేరుసెనగ ముద్దతో, పాలపొడితో చేసిన పోషకాహారము వెలువడగా, 2005లో నైజరు దేశపు కరవులో వేలకొలది బిడ్డలకు దానిని పెట్టిరి. ఆ గింజ మొదటినుండియు మంచి తిండియే. పండించినవాని యింట అది నిలువలేదు, అంతే.

చెన్నేకొత్తపల్లి ప్రాంతమున టింబక్టు కలెక్టివ్ వారి ప్రోత్సాహముతో రైతులు 2008లో ‘ధరణి’ యను సహకార సంఘము స్థాపించుకొని, రసాయనములు లేక పండించిన కొర్రలు, రాగులు మొదలగువానిని కొని, శుభ్రపరచి అమ్ముచున్నారు. దంపుడు పని యంత్రము చేసినగాని చిరుధాన్యము ఇంటిలోనికి తిరిగి రాదని వారెరుగుదురు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమువలన అంగన్‌వాడీలు ఏర్పడినవి. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడు దినములు రాగిజావ పోయుట ఆరంభించిరి. బడికి పోవు బిడ్డ ఐదేండ్లు దాటినది. ఆరవ నెలనుండి రెండవ యేడు నిండువరకు, అనగా క్వాషియార్కరునకు దారితీయు లోటు మొదలగు వయసున, దినమునకు నాలుగైదు మారులు కొంచెము కొంచెముగా తినిపింపవలెను. శ్రావణ భాద్రపదములలో పాతపంట అయిపోవును, క్రొత్తపంట ఇంకను చేననే యుండును. మాలీ పల్లెలలోను ఇదియే ఆకలి ఋతువు. ఆ నెలలలోనే కలుపు ముమ్మరమగును. ఉదయము ఒకమారు జావ పోసి చేనికి పోయిన తల్లి ప్రొద్దు వాలినగాని ఇల్లు చేరదు. నడుమనున్న మూడు మారులు బిడ్డకు జావ పోయవలసినవారు ముసలి అవ్వయో, ఎనిమిదేండ్ల అక్కయో.