గంబూషియా పతనం

వేలెడంత కూడా లేని బూడిదరంగు చేప. రంగుల్లేవు, తోకకు సోకు లేదు. అయినా ఒకప్పుడు దేశదేశాలు దాన్ని ఎదురెళ్లి తెచ్చుకున్నాయి.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాక శత్రువెవరో తేలిపోయింది. దాన్ని నీళ్లలో పిల్లగా ఉన్నప్పుడే మింగేసే బంటు కావాలి. అమెరికా దక్షిణ రాష్ట్రాల మడుగుల్లో పుట్టిన గంబూషియాకు ఆ కొలువు దక్కింది. 1921లో స్పెయిన్, మరుసటేడు ఇటలీ, 1925లో ఆస్ట్రేలియా చేరింది. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి వచ్చింది. రష్యాలోని సోచిలో దానికి విగ్రహమే వెలిసింది.

దాని ఘనతంతా కడుపులో ఉంది. మన పరక చేపలకు వాన కురవాలి, కొత్తనీరు రావాలి, గుడ్లు అంటుకోవడానికి గడ్డో పాచో దొరకాలి. గంబూషియాకు ఆ బాధ లేదు. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కంటుంది. నీరు వెచ్చగా ఉంటే మూడు నాలుగు వారాలకో కాన్పు. ఒక్కసారి మగచేపను కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకుని మళ్లీ మళ్లీ కంటుంది. చెరువు నిండడానికి ఒంటరి చూలాలు ఒక్కటి చాలు.

ఆ సంతానమే దాని పరువు తీసింది. అంతమంది ఆకలికి దోమ పిల్లలు ఏ మూలకు? ఇతర చేపల గుడ్లు, కప్పపిల్లలు తినసాగింది, తోటి చేపల రెక్కలు కొరికింది. ఆస్ట్రేలియాలోని ఎడ్జ్‌బాస్టన్ ఊటల్లో ఎర్ర రెక్కల, నీలి కళ్ల చిట్టిచేప ఒకటుంది. లోకంలో దానికి మరో పుట్టిల్లు లేదు. గంబూషియా చొరబడిన ప్రతి ఊట నుంచీ అది కనుమరుగవుతూ వచ్చింది. మిగిలిన కొన్నింటిని వేరే ఊటలకు తరలించి కాపాడాల్సి వచ్చింది. చివరకు ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర చొరబాటు జీవుల జాబితాలో గంబూషియా పేరు చేరింది. విగ్రహాన్నీ అది అడగలేదు, ఈ అపకీర్తినీ అడగలేదు. డబ్బాల్లో మోసుకెళ్లి ఒంపింది మనుషులు. మన పంచాక్స్ జాతి చిరుచేపలు ఎప్పటినుంచో దోమ పిల్లల్ని తింటూనే ఉన్నాయి, వాటిని అడిగిన వాళ్లు లేరు. మన పట్టణాల చెరువుల్లో గంబూషియాను వదలడం మాత్రం నేటికీ ఆగలేదు.

దాని దాయాది గప్పీది ఇంకో రకం కథ. ట్రినిడాడ్, వెనిజులా వైపు వాగుల్లో పుట్టి మన ఇళ్ల గాజుతొట్టెల్లో రంగుల తోక ఊపుతోంది. పెంచేవాళ్లకు తెలుసు, కడుపు చివర మచ్చ నల్లబడితే కాన్పు దగ్గరపడినట్టే. పిల్లలు దాక్కోవడానికి నాచు వెయ్యకపోతే తల్లే తినేస్తుంది. వేస్తే నాలుగు నెలల్లో తొట్టి చాలదు. ఒకే తొట్టిలో అన్నాచెల్లెళ్లే జతకట్టి తరాలు గడిస్తే వెన్ను వంకర్లు, నీరసం బయటపడతాయి. తోక పెద్దదైనకొద్దీ ఈత మందగిస్తుంది. అందం కోసం పెంచినవాడే దాన్ని బలహీనం చేస్తాడు.

గోదావరి ఒడ్డునున్న బాసర గురించి నా భయం ఇక్కడే. తొట్టి నిండిన గప్పీ పిల్లల్ని చంపబుద్ధి కాదు, గంగలో వదిలితే పుణ్యమనిపిస్తుంది. మన వైపు గోదావరిని గంగ అనే పిలుస్తాం కదా! పోచంపాడు ఆనకట్ట వెనుక జలాలు బాసర దాకా నిలుస్తాయి. ఎండాకాలం నది మడుగులుగా తెగుతుంది. వాన వచ్చేదాకా పరకలు తలదాచుకునేది ఆ మడుగుల్లోనే. కొత్తగా వచ్చిన ఆకలి ముందుగా పడేది వాటి గుడ్ల మీదే.

కాబట్టి బాసరలో గప్పీలు పెంచే వాళ్లకు ఒక మనవి. మగ, ఆడ తేడా తెలిసిన వెంటనే వేరు చేయండి. ఎక్కువైన పిల్లల్ని తోటి పెంపకందారుకో, కొన్న దుకాణానికో ఇచ్చేయండి. గంగలో మాత్రం వదలకండి.