ఉపగ్రహం ఎడ్లబండి ఎందుకు ఎక్కింది?

ఎడ్లబండి మీద ఉపగ్రహం ఉన్న పాత ఫోటో మన గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. లారీకి గతిలేక బండి కట్టారని దాని కింద కొందరు రాస్తారు. అది నిజం కాదని చెప్పడానికే మేము ఇది రాస్తున్నాము.

ఆ ఉపగ్రహం పేరు ఆపిల్. మన లక్కూరుకు దగ్గరే ఉన్న బెంగళూరులో ఇస్రోవాళ్ళు దాన్ని మామూలు షెడ్లలో రెండేళ్ళలో తయారుచేశారు. అన్నీ బిగించాక యాంటెన్నాను పరీక్షించాలి. చుట్టూ ఇనుము ఉంటే రేడియో తరంగాలు దానికి తగిలి వెనక్కి వస్తాయి, లెక్క తప్పుతుంది. అందుకే బయట మైదానంలో చెక్కబండి మీద పెట్టి చూశారు.

రైలు కదిలేముందు చక్రాలను సుత్తితో తట్టి చూసేవాళ్ళు. అయినా దారిలో చెడితే ముందు స్టేషన్లో బాగుచేయవచ్చు. ఆకాశంలో స్టేషన్ లేదు. అందుకే అక్కడి వేడి, చలి, గాలి లేకపోవడం, రాకెట్ అదురు అన్నీ కిందే పెట్టి పరీక్షిస్తారు.

1981 జూన్ 19న కౌరూ నుంచి ఏరియన్ రాకెట్ ఆపిల్‌ను తీసుకుపోయింది. పైన ఒక సోలార్ పలక తెరుచుకోలేదు. అయినా రెండేళ్ళు దాటి పనిచేసింది. ఈసారి ఆ ఫోటో వస్తే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.